యాదమ్మ డ్రాయరులోని చీటీలు

ఉద్యోగంలో చేరిన కొత్తలో సిద్దిపేటలోని ఒక ప్రైవేటు దవాఖానలో రెండు రౌటర్లు బిగించాను. ఒకటి ఆగితే రెండోది క్షణాల్లో పని అందుకోవాలి, ఇంటర్నెట్ పోకూడదు. మరునాడు పొద్దున డాక్టరుగారికి చూపిద్దామని, ఓపీ నిండా జనం ఉండగానే ధీమాగా మొదటి రౌటర్ వైరు పీకేశాను.

రెండోది అందుకోలేదు. టోకెన్లిచ్చే కంప్యూటర్ నిలిచిపోయింది. గాభరాగా వైరు మళ్లీ పెట్టాను కానీ, అది లేవడానికి అయిదు నిమిషాలు పడుతుంది. జ్వరంతో ఉన్న పాపను తొగుట నుంచి ఎత్తుకొచ్చిన తల్లి నావైపే చూస్తోంది.

"ఏందమ్మా గిది?" అన్నారు డాక్టరుగారు.

అప్పుడు కౌంటర్‌లో కూర్చునే యాదమ్మ డ్రాయరు లాగి, పాత క్యాలెండర్ కాగితాలు కోసి చేసిన చీటీల కట్ట తీసింది. నంబర్లు కూడా ముందే రాసి ఉన్నాయి.

"ముందుగాల పాపను తీస్కొని నువ్ రా తల్లీ," అంటూ పంచడం మొదలుపెట్టింది.

తీరా చూస్తే, రెండో రౌటర్లో నేను సెట్టింగులు సేవ్ చేయలేదు. పొద్దున్నే కరెంటు పోయి వచ్చేసరికి అన్నీ చెరిగిపోయాయి.

"ఈ చీటీలు ఎప్పుడు కోశావు యాదమ్మా?" అని తర్వాత అడిగాను.

"నిన్న పొయ్యేటప్పుడు నీ టిఫిన్ డబ్బ గీడనే మర్చిపోయినవ్ బిడ్డా. ఇంకేదన్న గూడ మర్చి ఉంటవని గప్పుడే కోసిపెట్టిన," అంటూ కడిగిన డబ్బా నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు నేనెక్కడ రౌటర్లు బిగించినా, రెండోదానికి సెట్టింగుల్లో 'యాదమ్మ' అని పేరు పెడతాను. సేవ్ చేశానా అని రెండుసార్లు చూసుకుంటాను. టిఫిన్ డబ్బా మాత్రం ఇప్పటికీ మరిచిపోతూనే ఉన్నాను.