గొలుసు ప్రార్థనలో నా వంతు గంట

నా చిన్నప్పుడు, గొలుసు ప్రార్థనలో నా వంతుకు వచ్చిన గంటను మధ్యలోనే వదిలేసి పారిపోయాను. ఆ నింద పక్కింటి అత్త మీద పడింది. పారిపోయింది నేనని నాకు తెలుసు, అత్తకు తెలుసు. ఇద్దరిలో నోరు విప్పాల్సినవాణ్ణి నేను. విప్పలేదు. ఆమె గురించి మా వాళ్ళలో చాలా ఏళ్ళు ఒక తప్పుడు కథ తిరిగింది. ఆ కథ బతకడానికి కారణం నేనే కాబట్టి, జరిగింది జరిగినట్టు రాయాల్సింది కూడా నేనే.

మాది బళ్ళారి పొలిమేరలో ఒక కాలనీ. గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. సండూరు కొండల నుంచి ఇనుప ఖనిజం నింపుకున్న లారీలు మా పక్క పెద్దరోడ్డు మీద తెంపు లేకుండా పోతుండేవి. ఆరేసిన బట్టలు, మూత పెట్టిన అన్నం, పసిపిల్లల ముక్కులు, అన్నీ ఎర్రగా ఉండేవి. ఆదివారం మా ఆడవాళ్ళు తెల్ల చీరలు కట్టుకుని ఇంట్లోంచి బయలుదేరి, మందిరం చేరేసరికి కావిరంగు చీరల్లో కనిపించేవాళ్ళు.

మందిరమంటే రేకులు కప్పిన ఒక గది. పాస్టరుగారు నెలకు రెండు ఆదివారాలే వచ్చేవారు. మిగతా రోజుల్లో అక్కడ మా తాతయ్య మాటే చెల్లేది. ఆయన సంఘపెద్ద. అబద్ధం ఆడేవాడు కాదు, ఎవరి దగ్గరా చేయి చాచేవాడు కాదు. కానీ ఆయన ప్రార్థన వింటే దేవుణ్ణి అడుగుతున్నట్టు ఉండేది కాదు, దేవుడికి పని పురమాయిస్తున్నట్టు ఉండేది. పని కాకపోతే తప్పు దేవుడిది కాదు కాబట్టి, మనుషుల్లో ఎవరిదో అయ్యుండాలి. ఆ ఎవరినో వెతికి పట్టుకోవడంలో తాతయ్యకు అలుపు తెలియదు.

పక్కింటి మామ క్రషర్‌లో పనిచేసేవాడు. రాళ్ళు పిండి చేసే యంత్రం దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఆ వేసవిలో మంచం పట్టాడు. ఆయన దగ్గు మా ఇంట్లోకి గోడ లేనట్టే వినిపించేది. ఆసుపత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అప్పుడు తాతయ్య ఆరు రోజుల గొలుసు ప్రార్థన ప్రకటించాడు.

గొలుసు ప్రార్థనంటే, తెల్లవారినప్పటి నుంచి పడుకునే వేళ వరకు గంటకొకరు చొప్పున మందిరంలో మోకరించాలి. మధ్యలో ఒక్క నిమిషం కూడా ఖాళీ ఉండకూడదు. తర్వాతివాళ్ళు వచ్చి పక్కన మోకరించాకే ముందువాళ్ళు లేవాలి. “ఒక కొక్కెం ఊడితే గొలుసంతా కింద పడతాది. మనిషి ప్రాణం దానికి యాలాడతాండాది, గుర్తు పెట్టుకోండప్పా,” అని తాతయ్య గట్టిగా చెప్పాడు. మగవాళ్ళు లారీల మీద, ఆడవాళ్ళు ఖనిజం కుప్పల దగ్గర రాళ్ళు ఏరే పనిలో ఉండేవాళ్ళు. అందువల్ల మధ్యాహ్నపు గంటలు ముసలివాళ్ళకూ, సెలవుల్లో ఉన్న మా బోటి పిల్లలకూ వచ్చాయి. నాకు పన్నెండేళ్ళు. రెండు నుంచి మూడు వరకు నాది. మూడు నుంచి నాలుగు వరకు అత్తది.

మొదటి రెండు రోజులు బుద్ధిగానే మోకరించాను. మూడో రోజు రెండుంపావు ప్రాంతంలో పైన రేకులు అదిరాయి. హెలికాప్టరు. ఎవరో గని యజమానిది, ఊరి అవతల బీడు భూమిలో దిగుతోంది. అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. పిల్లలంతా కేకలు వేస్తూ పరుగెత్తడం వినిపించింది. “ప్రభువా, ఇప్పుడే వస్తా” అని పైకే చెప్పి నేనూ పరుగెత్తాను. అది దిగడం, ఎర్రటి దుమ్ము తెరలాగా లేవడం, అందులోంచి తెల్లచొక్కా మనిషి ఒకడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని దిగడం చూశాను. అది మళ్ళీ లేచేదాకా అక్కడే ఉన్నాను.

తిరిగి వచ్చేసరికి మూడు దాటిపోయింది. కిటికీలోంచి చూస్తే అత్త చాప మీద ఒంటరిగా మోకరించి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ కళ్ళు మూసుకుంది.

సాయంత్రం తాతయ్య అందరినీ మందిరానికి పిలిపించాడు. రెండున్నరకు అటుగా వెళ్ళిన ఒక అవ్వ గది ఖాళీగా ఉండడం చూసింది.

“నా కండ్లతో చూసినా. మనిషి లేడు. చాప మీద కుక్క పండుకోనుండాది,” అంది అవ్వ.

“అది ఏం ప్రార్థన చేస్తాండాదో అడిగింటే బాగుండు గదవ్వా,” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తాతయ్య చూసిన చూపుకు ఆ నవ్వు అక్కడే ఆగింది.

ఆయన నడుముకున్న బెల్టు విప్పి చేతికి చుట్టుకున్నాడు. “ఒరేయ్, నీ గంట అది. యాడికి పోయినావురా?”

నేను నోరు తెరిచేలోపే అత్త లేచి నిలబడింది.

“పిల్లోణ్ణి ఏమనొద్దు మామా. ఆ గంట నాదే అనుకో.”

“అనుకో అంటే ఏందమ్మా? నువ్వే పొమ్మన్నావా వాణ్ణి?”

అత్త తల దించుకుంది. నన్ను పంపేసి నా బదులు తనూ మోకరించలేదని ఆమె ఒప్పుకున్నట్టు తాతయ్య తీసుకున్నాడు. “మొగుడు సావు బతుకుల్లో ఉండంగా, గంట సేపు మోకాళ్ళ మీద ఉండలేకపోతివా? నీదేం విశ్వాసమమ్మా?” అని అందరి ముందూ కడిగేశాడు. ఆమె వింటూ నిలబడింది. బెల్టు తిరిగి ఆయన నడుముకు చేరింది. నాకు ఊపిరి ఆడింది. ఆ సాయంత్రం గురించి నేను దాచకుండా చెప్పాల్సింది ఇదే: నాకు అప్పుడు సిగ్గు వేయలేదు, సంతోషం కలిగింది.

ఆరో రోజు తెల్లవారుజామున మామ చనిపోయాడు.

సమాధి మట్టి ఆరకముందే మాటలు మొదలయ్యాయి. గొలుసు తెంపింది, మొగుణ్ణి పోగొట్టుకుంది అన్నారు. ఆ ఇంట్లో దాచిన పాపమేదో ఉందన్నారు. మా వాళ్ళు నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధనను బల్ల అంటారు. తాతయ్య ఆమెను బల్లకు దూరం పెట్టాడు. ఒక నెలా రెండు నెలలా కాదు, మూడేళ్ళు. ఆమె మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. తలుపు పక్కన కూర్చునేది. రొట్టె పళ్ళెం బయటికి తీసే వేళకు తనే లేచి వెళ్ళి, చెప్పులు విడిచే చోట ఎండలో నిలబడేది. అది అయ్యాక లోపలికి వచ్చి చివరి ప్రార్థనకు ఆమెన్ చెప్పేది.

మేము బోరింగు అని పిలిచే చేతిపంపు దగ్గర ఆడవాళ్ళు మరీ దారుణం. “నా బిందె ముట్టద్దమ్మా. మా ఇంటాయప్ప గుండ్రాయి మాదిరి ఉండాడు, నీ చెయ్యి తగిలితే ఏమైతాడో,” అని ఒకావిడ అంటే మిగతావాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పెద్దవాళ్ళను చూసి పిల్లలు ఒక పాట కట్టారు. “గొలుసు తెంపె, మొగుణ్ణి మింగె” అని ఆమె నీళ్ళు మోసుకుపోతుంటే గోడ చాటు నుంచి అరిచేవాళ్ళు. మామ పోయిన కొత్తలోనే ఒక రోజు నేనూ అరిచాను. అందరికంటే గట్టిగా అరిచాను. ఎవరికైనా నా మీద అనుమానం ఉంటే పోతుందని. ఆమె నడక ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగకుండానే వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాకు నిద్ర పట్టలేదు. దుఃఖం కాదు, భయం. మామను నేనే చంపానని నమ్మాను. తాతయ్య చెప్పిన ప్రకారం చూస్తే అంతే కదా. రెండు రోజులు తిండి సహించక, మూడో రోజు పొద్దున అత్త పెరట్లోకి వెళ్ళాను. ఆమె మామ చొక్కాలు ఉతుకుతోంది. ఎవరికైనా ఇచ్చేయాలని.

“నేను లేచిపోయినందుకేనా అత్తా, మామ సచ్చిపోయింది?” అన్నాను.

ఆమె చేతులు ఆగాయి. “ఎవురు చెప్పినారప్పా నీకు?”

“అందరూ అంటాండారు గదా.”

ఆమె నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని ఒక నీలం చొక్కా నా చేతికిచ్చింది. “దీన్ని పిండు. నీళ్ళు తెల్లగా వచ్చిందాకా లేవొద్దు,” అంది. అప్పటికే అది రెండుసార్లు ఉతికిన చొక్కా. పిండాను. ఎర్రటి నీళ్ళు వచ్చాయి. బకెట్టు మార్చి మళ్ళీ ముంచాను. మళ్ళీ ఎరుపే. నాలుగోసారి, ఐదోసారి కూడా అంతే. నా చేతులు నొప్పి పుట్టాయి. చొక్కా రంగు వెలిసిపోతోంది గానీ దానిలోని ఎర్రమట్టి మాత్రం తరగడం లేదు.

“సాలు,” అంది అత్త. “ఇప్పుడు చెప్పు. ఈ మట్టంతా నీ గంటలోంచి వచ్చిందా? బట్టలోనే ఇంత ఉంటే, ఆయప్ప లోపల ఎంత ఉండాదో నువ్వే అనుకో. పదకొండేండ్లు మింగినాడప్పా. నువ్వు లేచిపోయింది ఒక గంట.”

నేను ఏడ్చాను. తాతయ్య చెప్పింది మరి అబద్ధమా అని అడిగాను.

“మీ తాత మంచోడే. కానీ దేవుణ్ణి బోరింగు అనుకుంటాండాడు. కొట్టినంత సేపూ నీళ్ళు రావాల, రాకుంటే కొట్టేటోని చేతిలో బలం లేదనాల. నేను ఆయప్ప బతకాలని అడగడం మానేసి శానా దినాలాయ. భయం లేకుండా పోనీయి ప్రభువా అని అడిగినా. అట్లనే పోయినాడు, నా చెయ్యి పట్టుకొని. నా ప్రార్థన వినలేదని ఎవురన్నారు?”

ఇంకో మాట కూడా చెప్పింది. “ఆ పొద్దు నేనొచ్చేసరికి గది ఖాళీగా ఉండాది. కుక్కను బయటికి తోలి, తలుపేసుకొని గట్టిగా ఏడ్చినా. అన్ని దినాల్లో నన్ను ఏడవనిచ్చినోళ్ళే లేరు. ఏడిస్తే విశ్వాసం లేదంటారు గదా. ఎవురూ లేని ఆ గదిలో దేవుడొక్కడే సుమ్నే, గమ్మున కూచోని విన్నట్టుండె.”

మరి నా తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను. ఇంట్లో ఒకడు నొప్పితో విలవిల్లాడడం రాత్రింబగళ్ళు చూస్తున్నానని, ఇంకొకణ్ణి బెల్టుతో కొడుతుంటే చూసే ఓపిక తనకు లేకపోయిందని చెప్పింది. “చెప్తే నువ్వే చెప్పుకో మీ తాతకు. నేనైతే చెప్పను,” అని లేచి చొక్కాను తీగ మీద ఆరేసింది. నేను గోడ చాటు నుంచి అరిచిన అరుపు సంగతి ఆమె ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తాతయ్యకు నేను చెప్పలేదు. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ చదువుకు పోయాను, ఉద్యోగానికి పోయాను. ఆమె చెప్పమన్నప్పుడు చెప్పి ఉంటే మహా అయితే ఒళ్ళు వాతలు తేలేది. ఆ వాతలు వారం రోజుల్లో మానిపోయేవి. దానికి బదులు ఆమె మూడేళ్ళు ఎండలో నిలబడింది. ఆమె ఓర్పును గొప్పదని ఇప్పుడు పొగడడం నాకు చేతకాదు. ఆ ఓర్పు అవసరం తెచ్చిపెట్టింది నేను. గనుల జోరు తగ్గింది, రోడ్డు ఖాళీ అయ్యింది, తాతయ్య నిజం తెలియకుండానే పోయాడు. ఆయన ఉన్నంత కాలం నా నోరు కట్టేసింది ఆయన భయమేనని అనుకునేవాణ్ణి. ఆయన పోయాక కూడా నోరు పెగలలేదు.

నిరుడు తాతయ్య జ్ఞాపకార్థ కూడికలో, మా ఊరికి కొత్తగా వచ్చిన కుర్ర బోధకుడు ఆయన విశ్వాసం ఎంత గట్టిదో చెబుతూ, గొలుసు తెంపి భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీ కథ ఎత్తుకున్నాడు. ఎవరో ఆయనకు చెప్పి ఉంటారు. ఆ స్త్రీ తలుపు పక్కన, నెరిసిన జుట్టుతో, ఎదురుగానే కూర్చుని ఉందని ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళంతా నేల చూపులు చూస్తున్నారు. అత్త చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

నేను లేచి నిలబడ్డాను. ఆ గంట నాదని, పారిపోయింది నేనని, ఆమె నన్ను కాపాడిందని, ఇన్నేళ్ళూ అబద్ధం మోశామని చెప్పాను. గదిలో ఒక్క చల్లని మాట లేదు. “కూచోరా. సచ్చినోని పేరు తీసేదానికి ఈ పొద్దే దొరికిందా నీకు?” అని మా చిన్నాన్న కేకేశాడు. “ఇప్పుడేమైతాదప్పా చెప్తే? పోయినోడు లేచొస్తాడా?” అని ఇంకెవరో అన్నారు. ఒకప్పుడు బోరింగు దగ్గర నవ్వినవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. బోధకుడు గబగబా ముగింపు ప్రార్థన మొదలుపెట్టాడు. ఆమె వైపు ఎవరూ చూడలేదు. తమ తప్పు ఒప్పుకోవడం కంటే నా మీద కోపగించుకోవడం వాళ్ళకు తేలికైంది. వాళ్ళను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

బయట ఆమె చెప్పులు వెతుక్కుంటుంటే వెంట వెళ్ళాను. ఆమె మొహంలో సంతోషం కనబడలేదు.

“ఇంతకాలానికి చెప్పినావు,” అంది. “మూడేండ్లు రొట్టె ముక్క కోసం నాలుక పీక్కపోయింది నాకు. దాన్ని నువ్వు తెచ్చియ్యలేవప్పా.”

“తెచ్చియ్యలేను అత్తా.”

ఆమె వెళ్ళిపోలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. “ఇంకేమన్నా ఉండాదా చెప్పేది?”

అందరి ముందూ అంత చెప్పినవాణ్ణి, ఆ ఒక్కటి మింగేశానని అప్పుడు నాకు అర్థమైంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. ఈ రోజుకీ నేను ప్రార్థనకు మోకరిస్తే నోట ముందు మాటలు రావు. చెప్పకుండా దాటేస్తున్నదేమిటో చూసుకోవడంతోనే సగం సేపు గడుస్తుంది. ఆ అలవాటు నాకు ఆమె అడిగిన ఆ ప్రశ్న నుంచే వచ్చింది.

“ఉండాది,” అన్నాను. “గోడ చాటునుంచి నిన్ను తిట్టినోళ్ళలో నేనూ ఉండాను అత్తా. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. తెలిసి తెలిసీ అరిచినాను. నన్ను క్షమించు.”