తీగలు సడలించి వెళ్ళిన అత్త

"అత్త ఇంక నేదే" అంది అమ్మ ఫోన్లో. ఎచ్చెర్లలో హాస్టల్ మెస్ ముందు ప్లేటు పట్టుకుని వరుసలో ఉన్నాను. ఎలా అని అడిగేలోపే, "గుండెపోటు. ఎవులడిగినా అదే సెప్పు" అంది. ఆ రెండో మాటతో విషయం అర్థమైంది. నిజంగా గుండెపోటుతో పోయినవాళ్ళ గురించి ఏం చెప్పాలో ఎవరూ నేర్పరు.

మా మేనత్త తన ప్రాణం తానే తీసుకుంది. ఇంట్లో ఎవరూ పైకి అనని ఈ వాక్యం ఇక్కడ రాస్తున్నాను.

బొబ్బిలిలో మా వీధి ఆడపిల్లల్లో సగంమందికి వీణ నేర్పింది అత్తే. ఆమె దగ్గరికి వెళ్తే ముందు కొబ్బరినూనె వాసన వచ్చేది. తీగ నొక్కి నొక్కి కాయలు కాచిన ఎడమచేతి వేళ్ళకి రాసుకునేది. పాఠంలో జాలి లేదు. "ఒలే గుంటా, నాను వీణ వాయించమన్నాను. నీ గాజులు తరవాత ఇంటాను" అనేది. తప్పు వాయిస్తే కోప్పడేది కాదు, గుమ్మంలో ఉన్న మావయ్యని కేకేసేది. "ఏవండీ, ఇటొచ్చి సూడండి, ఈ రాగం మీ గుళ్ళో దేవుడిక్కూడా తెలీదు." గుడిలో అర్చకత్వం చేసే మావయ్య, "ఆయనకి ఓపికెక్కువ, నువ్వు కానీ" అంటూ వెళ్ళిపోయేవాడు.

ఊరెళ్ళేటప్పుడు ఆమెకొక పద్ధతి ఉండేది. పెట్టె సర్దాక, చెప్పులు వేసుకునే ముందు వీణ దగ్గర కూర్చుని బిరడలు తిప్పి తీగలన్నీ సడలించేది. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కోగానే మొదటి పని వాటిని బిగించడం. ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "మనం ఇంట్లో నేనప్పుడు దాన్ని బిగించి ఉంచకూడదే. ఊరికే లాగుతుంటాది, పాపం. తిరిగొచ్చీవోళ్ళు సడలించి ఎల్తారు" అంది.

పోయిన వానాకాలం సెలవుకి వచ్చినప్పుడు చూశాను. పెట్టె సర్దలేదు. వీణ మీద తీగలు మాత్రం వానకి నానిన తాళ్ళలా వదులుగా ఉన్నాయి.

"ఏ ఊరెల్తన్నావత్తా?"

"ఏ ఊరూ నేదే. సెయ్యి రావట్లేదు."

వేళ్ళు చూశాను. కాయలు మెత్తబడి పొరలు లేస్తున్నాయి. నూనె వాసన లేదు. చాలాకాలంగా తీగ ముట్టలేదన్నమాట. పాఠానికి వచ్చే పిల్లల్ని ఏదో ఒక వంక చెప్పి పంపేస్తోందని పక్కింటావిడ చెప్పింది. "నిద్దరుండదు. పొద్దు గడవదు. నానుండి ఏటుపయోగం?" అని అత్త నాతో అన్నప్పుడు ఆ గొంతులో ఏడుపు కూడా లేదు. నాకు భయం వేసింది అందుకే.

అమ్మతో చెప్పాను, డాక్టరుకి చూపించాలని. చూపించారు కూడా. మా వైపు మనిషి నీరసంగా ఉంటే చేసే వైద్యం ఒకటే, వీధి చివర ఆర్ఎంపీ దగ్గర పడుకోబెట్టి బలానికి సెలైన్ ఎక్కించడం. అత్తకీ ఎక్కించారు. ఒకసారి చాలక మళ్ళీ ఎక్కించారు. ఎవరో దిష్టి తీశారు, ఎవరో చేతికి తాడు కట్టారు. మనసుకి చూసే డాక్టరని నేనంటే ఇంట్లో గొంతులు తగ్గాయి. "పిచ్చి డాక్టరా? రేపు పిల్లల్ని పాఠానికి పంపుతారేటే ఎవులైనా?" అప్పటికే పాఠానికి పిల్లలు రావడం లేదు. రాని పిల్లల కోసం మనిషిని దాచారు.

ఆ తర్వాత ఫోన్ వచ్చింది.

పెద్దకర్మ అయ్యేదాకా ఇంటినిండా చుట్టాలు. గుండెపోటు అనే మాట ఎంత బాగా కుదిరిందంటే, వినేవాళ్ళు కూడా, "అవునవును, మనిషి నీరసంగానే ఉండేది" అన్నారు. అందరూ వెళ్ళాక మావయ్య ఒక్కడూ మిగిలాడు. ఏడవడానికి కూడా ఆయనకి వీలు లేదు. గుండెపోటుకి ఎంత ఏడవాలో అంతే ఏడవాలి.

మొన్న అమ్మతో కలిసి మళ్ళీ వాళ్ళింటికి వెళ్ళాను. మావయ్య స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుమ్మంలో కూర్చున్నాడు. గుడికి వెళ్ళే వేళ దాటిపోయింది. అడిగితే, "గుడి తాళంచెవి మా తమ్ముడికిచ్చీసేనమ్మా. ఇంక వాడే సూసుకుంటాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు వదులైన తీగలు కనిపించాయి.

"మావయ్యా, సచ్చిపోవాలనిపిస్తందా?"

అమ్మ చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "ఏటే ఆ మాటలు, పాడు నోరు."

మావయ్య నన్ను కోప్పడలేదు. "దాన్నీ ఇలాగ ఎవులైనా అడిగుంటే బాగుణ్ణు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు, గుండెపోటుకి పట్టనంత.

రాత్రికి ఆయన్ని ఒంటరిగా వదలలేదు, అక్కడే ఉండిపోయాం. విజయనగరం పెద్దాసుపత్రిలో మనసుకి చూసే డాక్టరున్నాడని కనుక్కున్నాను. తెల్లారాక అమ్మే చీర మార్చుకుని ముందు తయారైంది. "పదండన్నయ్యా. ఎవులేటనుకున్నా అనుకోనీండి. ఈసారి సెలైన్ వద్దు" అంది. వీధిలో ఎవరో ఎక్కడికని అడిగితే మనసు డాక్టరు దగ్గరికని గట్టిగానే చెప్పింది. అడిగినామె ముఖం తిప్పుకుని, మళ్ళీ వెనక్కి తిరిగి, "మా పాపని కూడా తీసుకెల్లాలి, ఆ డాక్టరెలాగున్నాడో సెప్పు" అంది మెల్లగా.

చెప్పులు వేసుకునే ముందు మావయ్య గదిలోకి వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, ఆయన్ని ఒక్కడినీ గదిలో ఉండనివ్వడానికి నాకింకా ధైర్యం లేదు. వీణ అత్త వదిలినట్టే ఉంది. మీద దుమ్ము.

"బిగించమంటావా మావయ్యా?"

ఆయన పంచె చెంగుతో దుమ్ము తుడిచి ముసుగు కప్పాడు. "ఊరెల్తన్నాం గదా. వచ్చేక బిగిద్దాం" అన్నాడు.

తిరిగొచ్చేవాళ్ళే సడలించి వెళ్తారని అత్త కూడా అంది. అందుకే ఆ మాటని నమ్మాలో లేదో తెలియక ఆయన చేతులనే చూస్తూ నిలబడ్డాను. ఆయన బయటికొచ్చి తలుపు వేశాడు, తాళం లాగి చూశాడు. తాళంచెవి తీసుకుందామని అమ్మ చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. మొలలో దోపుకున్నాడు.

కిటికీ ఊచల్లోంచి చూస్తే లోపల చీకటిగా ఉంది. ముసుగు కింద వీణ, దాని మీద సడలిన తీగలు.