పోయిన గళ్ళ చొక్కా

ఎవరి పెళ్ళి గౌను ఇచ్చినా ఆర్డిస్ చెయ్యి వణక్కుండా కత్తిరించేది. సొంత పెళ్ళి గౌను జోలికి మాత్రం పోయేది కాదు.

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో, చర్చి కింది గదిలో ప్రతి మంగళవారం ఆడవాళ్ళు కుట్టుమిషన్లు ముందేసుకుని కూర్చుంటారు. ఈ దేశంలో మనిషికి ఎన్ని కష్టాలున్నాయో అన్ని సంఘాలున్నాయి. చూపు లేనివాళ్ళకోసం కుక్కపిల్లల్ని పెంచి ఇచ్చే సంఘం, జబ్బుపడ్డ పిల్లలకు ఒక్కసారైనా సముద్రం చూపించే సంఘం, ఇల్లు కాలినవాళ్ళకు దుప్పట్లు పంచే సంఘం. వీళ్ళది చిట్టిగౌన్ల సంఘం. కడుపులోనే పోయిన బిడ్డలకు, పుట్టి కళ్ళు తెరవకుండానే పోయిన బిడ్డలకు గౌన్లు కుడతారు. అంత చిన్నవి బజార్లో దొరకవు. దొరికినా ఏ తల్లి వెళ్ళి బేరమాడుతుంది? అందుకని ఎక్కడెక్కడి ఆడవాళ్ళో తమ పెళ్ళి గౌన్లు పార్సిల్ చేసి పంపుతారు. వీళ్ళు వాటిని విప్పదీసి అరచేతంత గౌన్లు చేస్తారు. వీపు వైపు కుట్టకుండా రిబ్బన్లు పెడతారు, బిడ్డను ఎత్తి వంచే పని లేకుండా తొడగడానికి.

అక్కడ కబుర్లకు లోటు లేదు. కాఫీ, హామ్ శాండ్‌విచ్‌లు, పక్కూరి కొత్త పాస్టర్ మీద చాడీలు. ఏడుస్తూ కుడితే కుట్టు వంకరపోతుందని నవ్వుతూనే కుడతారు. అందరికంటే ఎక్కువ నవ్వించేది ఆర్డిసే.

ఆమెకు పెళ్ళయిన రెండో చలికాలంలో ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఆ రోజుల్లో అలాంటి బిడ్డను తల్లికి చూపించేవాళ్ళు కాదు. చూస్తే మర్చిపోలేదని వాళ్ళ లెక్క. చూడనిదాన్ని మర్చిపోవడం ఇంకా కష్టమని ఆ మహానుభావులకు ఎవరు చెప్పాలి? సూదిమందు ఇచ్చి నిద్రపుచ్చారు. మెలకువ వచ్చేసరికి పొట్టా ఖాళీ, పక్కా ఖాళీ. "ఇంటికెళ్ళి ఇంకో బిడ్డను కనమ్మా" అన్నాడు డాక్టరు, గుడ్డు పగిలితే ఇంకోటి తెచ్చుకోమన్నంత తేలిగ్గా. ఇంకో బిడ్డ పుట్టలేదు. భర్త ఓరిన్ ఒక్కడే పెట్టె పట్టుకుని శ్మశానానికి వెళ్ళొచ్చాడు. వచ్చి పశువులకు గడ్డి వేశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో పిల్ల మాట లేదు.

పిల్లకోసం ఆర్డిస్ అల్లిన స్వెటరు, టోపీ బీరువాలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. అంటే పిల్ల ఒంటిమీద నూలుపోగు లేకుండా పోయింది. అదీ జనవరిలో, గడ్డపార దిగని నేలలోకి. ఆ ఆలోచన ఆమెను ముసలితనం దాకా వదల్లేదు. ఓరిన్‌ను అడుగుదామని ఎన్నోసార్లు మాట నోటిదాకా వచ్చేది. "అవును, ఏమీ లేదు" అంటాడేమోనని భయంతో మింగేసేది.

అడగాల్సింది అడగలేని మనిషి ఇంకోదాని మీద దెప్పుతుంది. పెళ్ళయిన కొత్తలో ఆమె ఓరిన్‌కు ఎర్రగళ్ళ చొక్కా కుట్టింది. ఆమె చేత్తో కుట్టిన మొదటి బట్ట అది. కాలరు ఒక పక్కకు లాగేది, గుండీలు వేలాడేవి. అయినా ఓరిన్ దాన్ని ఒంటిమీంచి తీసేవాడు కాదు. ఆ చలికాలంలోనే అది ఎక్కడో పోయింది. ఇక చుట్టాలొచ్చినా, ఇరుగుపొరుగు భోజనానికొచ్చినా ఆర్డిస్‌ది అదే పాట.

"మా ఆయన సంగతి మీకు తెలీదు. పెళ్ళాం చచ్చీచెడీ కుట్టిన చొక్కాని పోగొట్టిన మొనగాడు!"

"ఆవు తినేసింది" అనేవాడు ఓరిన్, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

"కిందటిసారి ఎద్దు తిందన్నావు!"

బల్ల చుట్టూ అందరూ నవ్వేవాళ్ళు.

ఒక ఫిబ్రవరిలో మంచు పట్టుకుంది. హైవే మూసేశారు, పార్సిళ్ళు ఆగిపోయాయి. ఊరి ఆస్పత్రి నుంచి నర్సు డోనెట్ ఫోన్ చేసింది.

"ఆర్డిస్ గారూ, ఒక గౌను కావాలండీ. నెలలు నిండిన పాప. మా దగ్గరున్నవన్నీ మరీ చిన్నవి."

"గుడ్డ అయిపోయిందమ్మా. చర్చిలో పీలికలే మిగిలాయి."

"రేపు పొద్దున్నే తీసుకెళ్ళిపోతారు. వాళ్ళమ్మ ఒకటే అడుగుతోందండీ, పాపను ఉత్త దుప్పట్లో చుట్టి పంపొద్దని."

"సాయంత్రానికల్లా ఇస్తాను" అంది ఆర్డిస్.

దేవదారు పెట్టెలోంచి తన పెళ్ళి గౌను తీసి వంటింటి బల్లమీద పరిచింది. అది పిల్ల పెళ్ళికి పనికొస్తుందని దాచింది. పిల్ల లేదని తెలిసీ దాచింది. కత్తెర పట్టుకుంది గానీ వేళ్ళు ముడుచుకోలేదు.

ఓరిన్ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికొచ్చాడు.

"అదెందుకు తీశావు?"

"పాపకి గౌను కావాలిట. కత్తెర పడట్లేదు."

"దాచుకున్నది కదా, వదిలెయ్. ముందుగది కర్టెన్ కోసెయ్."

"కర్టెనా! బిడ్డకి కర్టెన్ కడతావా నువ్వు?" అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది. "మన పిల్ల గుడ్డముక్క లేకుండా పోయింది. ఈ పిల్లనైనా అలా పోనివ్వను."

ఓరిన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. మెల్లిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"గుడ్డముక్క లేకుండానా? అలాగని నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? స్వెటరు బీరువాలోనే ఉందిగా!"

"స్వెటరు సంగతి నాకేం తెలుసు? అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చారు. దార్లో బండి ఆపి మూత తీసి చూశాను. ఒంటిమీద ఏమీ లేదు. చలి చంపేస్తోంది, ఆర్డిస్. కోటు విప్పి, చొక్కా విప్పి చుట్టాను."

"ఏ చొక్కా?"

అడగడమైతే అడిగింది గానీ అప్పటికే తెలిసిపోయింది. కత్తెర బల్లమీద పెట్టి ఆమె కూడా కూర్చుంది.

"ఇన్నేళ్ళూ పదిమందిలో పెట్టి నిన్ను ఆడిపోసుకుంటుంటే ఎలా పడ్డావు? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"డాక్టరు చెప్పొద్దన్నాడు. మీ అమ్మ ఒట్టు వేయించుకుంది. తర్వాతైనా చెబుదామనే అనుకున్నా." ఓరిన్ టోపీని చేతుల్లో తిప్పాడు. "నువ్వు చొక్కా మాటెత్తితే నాకు పిల్ల మాటెత్తినట్టుండేది. ఈ ఇంట్లో దాని మాట అదొక్కటేగా. చెప్పేస్తే నువ్వు అదీ మానేస్తావని..."

చర్చి కింది గదిలో ఎన్నడూ కంటతడి పెట్టని ఆర్డిస్ బల్లమీద తల ఆనించి, పెళ్ళి గౌను తడిసిపోయేలా ఏడ్చింది. ఓరిన్ ఆమె వీపుమీద చెయ్యి వేశాడు. అతనికీ దుఃఖం ఆగలేదు.

చాలాసేపటికి ఆమె తలెత్తింది.

"గుండీలు పెట్టావా?"

"పెట్టాను. పైది ఊడి చేతికొచ్చింది. నువ్వు కుట్టిందేగా."

నవ్వు రాబోయి మళ్ళీ ఏడుపే వచ్చింది.

"ఎలా ఉంది ఓరిన్?"

"నీ గడ్డమే. ఇదే మొండి గడ్డం."

ఆర్డిస్ కళ్ళు తుడుచుకుని గౌను అంచు అతని చేతికిచ్చి, "బిగించి పట్టుకో" అంది. అతను పట్టుకున్నాడు. ఆమె కత్తిరించింది. సాయంత్రం డోనెట్ మంచులో నడిచొచ్చి గౌను పట్టుకెళ్ళింది.

ఆ తర్వాత కూడా చుట్టాలొస్తే ఆర్డిస్ చొక్కా మాట మానలేదు. ఇంకా ఎక్కువ చేసింది. "పెళ్ళాం కుట్టిన చొక్కా పోగొట్టిన మొనగాడు" అని ఆమె అనేది, "ఆవు తినేసింది" అని అతను అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆర్డిస్ అతని పళ్ళెంలో ఇంకో బంగాళాదుంప వేసేది.