కప్పల ప్లీడరు

మా చిన్నాన్న పోయారన్న కబురు నాకు బరంపురం గేట్ బజార్‌లో, మా బట్టల కొట్టులో ఉండగా అందింది. గుండెపోటట. అదే ఊళ్లో ఆయన అద్దెకుండే గదిలోనే పోయారు. నా ఎదురుగా చీరలు చూస్తున్న పెద్దావిడ, "అయ్యో, ఏటి సేసీవోరు బాబూ?" అని అడిగింది. "ఏదో ప్రైవేటు ఉద్యోగం" అన్నాను. ఆ మాట ఇప్పుడిక్కడ రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

ఆయన చేసిన పని ఇదీ. ఓ చిన్న సంస్థ తరఫున గంజాం జిల్లాలో భూములున్నవాళ్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల తోటల మధ్య మిగిలిన చిట్టడవినీ, వాననీళ్లు నిలిచే చిత్తడి నేలనీ పాడుచేసుకోకుండా ఎలా బతకొచ్చో సలహా చెప్పేవారు. ఏ గట్టు మీద మొగలి పొద కొట్టకూడదో, ఏ కాలవ పూడిస్తే ఎవరి బావి ఉప్పెక్కుతుందో చూపించేవారు. బలవంతపెట్టే అధికారం ఏమీ లేదు. వాళ్లు వింటే విన్నట్టు, లేకపోతే లేదు.

చెప్పులు విడిచి, భూమి గలాయన్ని వెంటబెట్టుకుని ఆ నేలంతా తిరిగేదాకా ఎవరింట్లోనూ మంచినీళ్లైనా ముట్టేవారు కాదు. అంత తిరిగీ, వాళ్లుగా అడిగేదాకా పెదవి విప్పేవారు కాదు. "అడగందే సెప్తే అది సలహా కాదురా, సణుగుడు" అనేవారు నాతో.

మా ఇంటికి ఎప్పుడొచ్చినా మోకాళ్ల దాకా బురద. "ఏటయ్యా, మళ్లీ ఊబిలోంచేనా రావడం?" అంటూ మా అమ్మ నీళ్ల చెంబుతో గుమ్మంలోనే ఆపేసేది. ఆయన నవ్వుతూ కాగితంలో చుట్టిన మొగలిరేకులు ఆమె చేతిలో పెట్టేవారు. అవి బీరువాలో చీరల మధ్యకి వెళ్లేవి. కాళ్లు కడుక్కుంటూ ఎక్కడ ఏ కొంగలు గూళ్లు కట్టాయో సంబరంగా చెప్పేవారు. మేం సగం విని ఊరుకునేవాళ్లం.

పెళ్లిళ్లలో నాన్న ఆయన్ని కొత్తవాళ్లకి పరిచయం చేసే తీరు ఒక్కటే. "మా తమ్ముడండి. కప్పలకి ప్లీడరు." అందరూ నవ్వేవారు. నేను అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ణి. "ఫీజే ఇవ్వవండి" అనేవారు చిన్నాన్న, తనూ నవ్వేస్తూ.

సోనేపూర్ దగ్గర, బాహుదా ఏటి పక్కన మాకూ ఓ చిత్తడి ఉండేది. తన వాటా కూడా నాన్నకే వదిలేశారు చిన్నాన్న. నాన్న అక్కడ రొయ్యల చెరువులు తవ్వించడానికి పొక్లెయిన్ దింపిన రోజున ఆయన వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"ఏటి, కప్పల తరఫున నోటీసు తెచ్చినావా?" అన్నారు నాన్న.

"నేదన్నా. నువ్వేటైనా అడుగుతావేమోనని వొచ్చినాను."

నాన్న అడగలేదు. పక్కనే ఉన్న నేనూ అడగలేదు. చిన్నాన్న ఎండలో చాలాసేపు నిలబడి, నా భుజం తట్టి వెళ్లిపోయారు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ చెరువుల మీద వచ్చినదానితోనే మా ఇంటికి మేడ లేచింది, మా కొట్టుకి అద్దాల తలుపులొచ్చాయి.

ఆయనకి పెళ్లీ పిల్లలూ లేరు కనక కర్మ నేనే చేశాను. పదోరోజు పిండం మా చెరువు గట్టు మీదే పెడదామన్నారు నాన్న, సొంత నేల కదా అని. చిన్నాన్న మాట విన్న రైతులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, ఒడియావాళ్లూ మనవాళ్లూ. పిండం పెట్టి కాకి కోసం చూశాం. రాలేదు.

కాకి ముట్టకపోతే పోయినవారికి ఏదో కోరిక మిగిలిపోయిందంటారు కదా. "ఏదైనా మాటివ్వండి బాబూ" అన్నారు పంతులుగారు. నాన్న చేతులు జోడించి, తమ్ముడి పేరున ఏటేటా అన్నదానం చేయిస్తానన్నారు. కాకి రాలేదు. గుడికి గంట చేయిస్తానన్నారు. ఆకాశంలో ఒక్క పిట్ట కూడా లేదు. అసలు కోరికేమిటో అక్కడ నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. మా మొహాలు చూడాల్సి వస్తుందని కాబోలు, రైతులంతా నేలచూపులు చూస్తున్నారు. వాళ్ల మధ్య తడిపంచెతో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను.

చివరికి మా పక్క భూమి రైతు, చిన్నాన్న ఈడువాడే, మెల్లగా నోరు విప్పాడు. "పంతులుగోరూ, ఇక్కడికి కాకి రాదండి. కాకి వాల్తే రొయ్యకి జబ్బొత్తాదని సెరువుల మీద దారాలు కట్టి, దినామూ టపాకాయలు కాలుస్తారు గదా. బెదిరిపోనాయి. మా సిత్తడి కాడికి తెండి."

విస్తరి పట్టుకుని అందరం గట్టు దాటాం. మొగలి పొదల వెనక తుంగ, కలువలు, మోకాలెత్తు నీళ్లు. వాటినిండా కొంగలు. విస్తరి కింద పెట్టి నేను వెనక్కి జరిగానో లేదో కాకి వాలింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. నాకు ఊరట కలగలేదు. మా చిన్నాన్నకి ఆఖరి ముద్ద మా నేల మీద పుట్టలేదు.

నాన్న వెళ్లి ఆ రైతు పక్కన నిలబడ్డారు. "మా సెరువులు తీసీసి మళ్లీ ఇలాగ సెయ్యాలంటే ఏటి సెయ్యాల?" అన్నారు. ఆయన ఒకరిని సలహా అడగడం నేను వినడం అదే మొదలు.

రైతు ఇబ్బందిపడుతూ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకేటి తెల్సు బాబూ? నాను ఆయన్నడిగి సేసినోణ్ణి. ఉప్పెక్కిపోయిన నేలకి ఏటి సెయ్యాలో ఆయనకే తెల్సు."

నాన్న తల తిప్పారు. విస్తరి దగ్గర కాకి ఇంకా మెతుకులు ఏరుకుంటోంది. ఏదో అడగబోయినవారిలా నోరు తెరిచి, దాని వైపే చూస్తూ నిలబడిపోయారు.