సిక్స్ బై సిక్స్ చూపు

2023 వానాకాలం. పాతబస్తీలోని ఒక చిన్న కంటి ఆసుపత్రిలో నేను ఆప్టోమెట్రిస్టుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. చూపు పరీక్షించడం, ఆపరేషన్‌కి ముందు కంటి కొలతలు తీయడం నా పని. కౌన్సెలర్ మానేయడంతో, శుక్లాల రోగులకు ఏ లెన్సు మంచిదో వివరించే బాధ్యత కూడా నా మీదే పడింది. నాన్నగారి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే కాకినాడ నుంచి ఈ ఊరొచ్చాం. ఇక్కడి మాట అర్థమవుతుంది గానీ నా నోటికి ఇప్పటికీ రాదు.

దానియేలు గారిది ఉప్పుగూడ. కంచన్‌బాగ్‌లో లోహాల కర్మాగారంలో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. రెండు కళ్లలోనూ శుక్లాలని చెప్పే రిపోర్టులతో పాటు ఒక ఫొటోల కవరు తెచ్చారు. అన్నీ నలుపు తెలుపే. తెల్లవారుజామున ఉప్పుగూడ స్టేషన్లో మొదటి రైలు కోసం నిలబడ్డ కూలీలు, ట్యూబులైటు కింద కొంగు సర్దుకుంటున్న ఆడమనిషి, నల్ల దుప్పటి కప్పుకుని చీకట్లో కూర్చున్న ముసలాయన. ఆ దుప్పటి మడతలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి.

"ముప్పై ఏండ్ల సంది తీస్తున్నమ్మా. ఇప్పుడేమైతుందంటే, లైటు పువ్వులెక్క విచ్చుకుంటుంది. మనిషి మొఖం అండ్ల మునిగిపోతుంది. అద్దాలు పెట్టుకుంటే కెమెరాకు తాకుతయి. అద్దాలు లేకుంట జేస్తే మస్తుంటది."

ఆ చివరి మాట ఒక్కటే నేను పట్టుకున్నాను.

శుక్లం తీశాక కంట్లో అమర్చే లెన్సుల్లో, మోనోఫోకల్ ఒకే దూరానికి స్పష్టమైన చూపునిస్తుంది. దగ్గరి పనికి అద్దాలు తప్పవు. మల్టీఫోకల్ లెన్సు కంట్లోకి వచ్చే వెలుతురును దూరానికీ దగ్గరకీ పంచుతుంది కాబట్టి అద్దాల అవసరం చాలావరకు పోతుంది. అలా పంచడం వల్లే కాంట్రాస్ట్, అంటే నలుపుకీ ముదురు బూడిదకీ తేడా పట్టే శక్తి, కొంత తగ్గుతుంది. దీపాల చుట్టూ హేలో అనే వలయాలు కనిపించవచ్చు. మీకు చెప్పినంత వివరంగా ఆయనకు చెప్పలేదు.

"మీకు మల్టీఫోకలే సరిపోతుందండీ. అద్దాల గొడవే ఉండదు," అన్నాను.

"లైటు విచ్చుకునుడు పోతదా అమ్మా?"

"శుక్లం తీసేస్తే పోతుంది. మొదట్లో కొంచెం అనిపించినా అలవాటైపోతుంది."

"నువ్వెట్ల చెప్తే గట్లనే."

సమ్మతి పత్రంలో కాంట్రాస్ట్ గురించీ వలయాల గురించీ హెచ్చరిక అచ్చయి ఉంది. నేను మాత్రం సంతకం పెట్టాల్సిన చోటే వేలితో చూపించాను.

కెమెరాకు ఆనించే కుడికన్నుకే ముందు ఆపరేషన్ జరిగింది. వారం తర్వాత చార్టు చదివించాను. చివరి వరుసతో సహా తడుముకోకుండా చదివేశారు. సిక్స్ బై సిక్స్, అంటే లోపం లేని చూపు. దగ్గరి సన్న అక్షరాలూ అంతే. నేను సంబరంగా డాక్టరు గారిని పిలవబోయాను.

"ఆగమ్మా," అన్నారాయన. "అచ్చరాలు కానొస్తున్నయి. బొమ్మ కానొస్తలేదు. నలుపంతా ఒక్కటే ముద్ద. లైటు సుట్టూ చక్రాలు."

మెదడు అలవాటు పడటానికి కొన్ని నెలలు పడుతుందని డాక్టరు గారు చెప్పారు. దానియేలు గారు ఓపిక పట్టారు. అయిదో నెలలో, లెన్సు వెనక పొర కొద్దిగా మసకబారిందనీ, అదే కారణం కావచ్చనీ చెప్పి డాక్టరు గారు యాగ్ లేజర్‌తో ఆ పొరకు కన్నం చేశారు. ఒకసారి ఆ కన్నం పడితే లెన్సు మార్చడం ప్రమాదకరమవుతుందని నాకు తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. దానియేలు గారి చెయ్యి పట్టుకుని లేజర్ గదిలోకి తీసుకెళ్లింది నేనే.

చక్రాలు పోలేదు. ఆయన వేరే ఆసుపత్రికి వెళ్లి లెన్సు మార్పించుకోవాలనుకున్నారు. అక్కడ చీటీ రాసిచ్చారు: మార్చవచ్చు, కానీ రెటీనా దెబ్బతినే ముప్పు ఎక్కువ, ఉన్న చూపూ పోవచ్చు. ఆ చీటీ తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చదివాను.

"ఎడమ కంటికి మోనోఫోకల్ వేయిద్దామండీ. దానితో ఫొటోలు బాగా తీయొచ్చు," అన్నాను.

"గా మాట మొదలే చెప్తే అయిపోతుండె గదమ్మా." గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "గీ కన్ను ఎవ్వరికియ్య. మసకనైనా నాదే."

మరుసటి ఏడాది వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య ఎస్తేరమ్మ టీ ఇచ్చింది. దానియేలు గారు కిటికీకి వీపు పెట్టి కూర్చున్నారు. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరింది. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ కష్టమవుతుందని బతిమాలాను.

"కెమెరా అమ్మిండు," అంది ఎస్తేరమ్మ మెల్లగా. "పొద్దుగాల స్టేషనుకు పోవుడు గూడ బంద్ వెట్టిండు. అడిగితే, చూసి ఏం జేస్త అంటడు."

నేను వెళ్లొస్తానన్నప్పుడు దానియేలు గారు, "నీ తప్పేం లేదు బిడ్డా, పో," అన్నారు. ఆ మాట అబద్ధమని మా ముగ్గురికీ తెలుసు. ఎడమ కన్ను ఆపరేషన్‌కి ఆయన ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు లెన్సుల పేరెత్తే ముందు ప్రతి మనిషినీ అడుగుతున్నాను: రోజులో ఏ వేళ, ఎలాంటి వెలుతురులో, దేన్ని చూడకపోతే మీరు బతకలేరు? దర్జీలు, డ్రైవర్లు, పూలు కట్టేవాళ్లు అందరూ కాసేపు ఆలోచించి చెబుతారు. జవాబు వినడానికి రెండు నిమిషాలు చాలు. దానియేలు గారు ఫొటోలు తెచ్చిన రోజు బయట బెంచీ మీద చాలామంది ఎదురుచూస్తున్నారని, ఆ రెండు నిమిషాలూ నేను మిగుల్చుకున్నాను.