నా ఫేడర్ దిగినప్పుడు

మా బావకి, అంటే మా ఆయనకి, నాకంటే సామాన్లంటేనే ముద్దు. పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రా మాది. ఆయన కీబోర్డు, నేను పాట. కిందటేడు విశాఖపట్నం వెళ్లి, సింథసైజర్‌కి తగిలించే మిడి కంట్రోలర్ ఒకటి తెచ్చాడు. దాని ఫేడర్లకి, అంటే శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలకి, మోటార్లున్నాయి. పాటలో ఎక్కడ ఏ శబ్దం ఎంత ఉండాలో ముందే పెట్టేస్తే, సమయానికి అవే పైకీ కిందికీ జరుగుతాయి. ఇంటికొచ్చిన ప్రతివాడికీ కొత్త అల్లుణ్ని చూపించినట్టు చూపించాడు.

అప్పటికే నా గొంతు పాడైంది. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత పై స్వరాలు అందడం లేదు.

"సాధన సేస్తన్నాను కదా బావా, కొన్నాళ్లు ఓపిక పట్టు" అన్నాను.

"అలాగేలే" అన్నాడు. ఆయన అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

కోటబొమ్మాళిలో పెళ్లి. మధ్యాహ్నం, జనం భోజనాల దగ్గరున్నారు. నెలల తరబడి సాధన చేసిన పాటే ఎత్తుకున్నాను. పల్లవి బాగానే వచ్చిందనిపించింది. చరణంలో పై స్వరం కోసం ఊపిరి బిగబట్టి గొంతు లేపాను. సరిగ్గా అప్పుడే, పక్కనున్న కంట్రోలర్ మీద నా మైకు ఫేడర్ సన్నగా కిర్రుమంటూ అడుక్కి దిగిపోయింది. దాని పక్కది పైకి లేచింది. స్పీకర్లలోంచి నా గొంతే వచ్చింది. ఆపరేషన్‌కి ముందు రికార్డు చేసిన గొంతు, జీర లేనిది.

ఒళ్లు మండిపోయింది. నా ఫేడర్ని వేలితో పైకి తోశాను. వేలు తీయగానే మళ్లీ దిగింది. మళ్లీ తోశాను. బావ కీబోర్డు మీంచి ఒక చెయ్యి తీసి, ఈగని కొట్టినట్టు నా వేళ్ల మీద కొట్టాడు. జనం చూస్తున్నారు. పెదాలు కదుపుతూ నిలబడ్డాను. ఆ హోరులో, ఆ పై స్వరం నాకు అందిందో లేదో నాకే వినబడలేదు.

పాటయ్యాక నిలదీస్తే రెండు చేతులూ ఎత్తి చూపించాడు.

"నానేటి సేసినాను? అదే దిగింది. అయినా నీ గొంతే కదే, పరాయిదాన్ని పెట్టినానేటి?"

 ఇంతలో పెళ్లికూతురి నాయనమ్మ వేదిక దగ్గరకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మొదట్లో కూసింత తడబడినావు గానీ తల్లీ, ఆ పైన తేనె నాగున్నాది నీ గొంతు."

నేను పాడింది ఆ మొదట్లోదే. ఆవిడకి దణ్ణం పెట్టాను. ఆ మాట బావ కూడా విన్నాడు.

తర్వాతి పెళ్లిలో నా ఫేడర్ పల్లవి దగ్గరే దిగింది.