కిటికీ మూలలో గుర్రం మేస్త్రి

ఆ టైల్స్ మేస్త్రి అసలు పేరు పనిచోట ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన గుర్రం మేస్త్రే. నెట్‌లో ఒక్కరే కూర్చుని ఆడుకునే ఆట ఒకటుంది. చదరంగం గళ్ళు, వాటి మీద ఒకే ఒక్క గుర్రం. రెండు గళ్ళు నేరుగా, ఒకటి పక్కకు దూకుతూ, తొక్కిన గడి మళ్ళీ తొక్కకుండా అన్నీ తిరిగి రావాలి. అన్నం తినేటప్పుడు కూడా ఆయన చెయ్యి గిన్నెలో, కళ్ళు ఫోన్లో. "ఊళ్ళో వాళ్ళ గచ్చులన్నీ అయ్యాయి, ఇప్పుడు ఫోన్లో గచ్చు కూడానా?" అని సిమెంటు మాలు కలిపి అందించే భార్య వేళాకోళం చేసేది.

నిజానికి పనిలోనూ పద్ధతి అదే. కొత్తగా పరిచిన టైల్ తొక్కకూడదు. అవతలి మూల మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ తలుపు దగ్గర తేలాలి. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా తెలిసిన సంగతే.

అలాంటిది, ఆ రోజు ఆమె కింద మాలు కలిపి తట్టతో పైకొచ్చేసరికి హాలంతా పరిచేసి ఉంది. ఆయన మాత్రం కిటికీ మూల నాలుగు టైల్స్ ఖాళీలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తలుపుకీ ఆయనకీ మధ్య అంతా పచ్చి గచ్చు.

"ఓరి దేవుడో! ఇదేం పనయ్యా?"

ఆయన నోరు విప్పేలోగా కాంట్రాక్టరు మెట్లెక్కి వచ్చాడు. మోకాళ్ళు వంగడం లేదని పోయిన వారమే ఒక ముసలి మేస్త్రిని పని మాన్పించి ఇంటికి పంపేసిన మనిషి ఆయన.

"పనిలో కూడా ఆ గుర్రం ఆటేనా? బుద్ధుందా నీకు?"

"తప్పయిపోయిందండీ. ఆటలో పడి చూసుకోలేదు."

ఆమె ఉలిక్కిపడింది. సిమెంటు చేతులతో పాడుచేస్తాడని పొద్దున ఇంట్లోనే ఫోన్ లాక్కుంది. అది తన సంచిలోనే ఉంది! అప్పుడు చూసింది ఆయన కాళ్ళు. కుడికాలు మడిచి, ఎడమకాలు కర్రలా చాపుకున్నాడు. ఎడమ మోకాలు మోపలేక, కుడిదానికి వీలైన వైపుకే జరుగుతూ జరుగుతూ తలుపుకు దూరంగా ఈ మూలకు చేరిపోయాడు పాపం.

"ఆ ఫోన్ ఇటు పడెయ్," అన్నాడు కాంట్రాక్టరు.

"నా దగ్గరే ఉందండీ," అంది ఆమె తడుముకోకుండా. "ఇందాకే తిట్టి, ఇటు విసిరేయించా. ఇక ముట్టనివ్వను."

కాంట్రాక్టరు మరో నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయాడు. ఆటపిచ్చికైతే తిట్లతో సరి. మోకాలని తెలిస్తే పనే పోయేది.

గచ్చు గట్టిపడేదాకా ఆయన అక్కడే, ఆమె గడప దగ్గర. ఏం తోచక ఆమె ఫోన్ తీసి ఆట తెరిచింది. "నీ గుర్రాన్ని ఎటు దూకించమంటావు?"

ఆయన మూలలోంచి చెప్తూ ఉన్నాడు. ఎన్నిసార్లు తిప్పినా చివర్లో ఒక గడి మిగిలిపోతోంది. ఇద్దరికీ విసుగొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఇది మూడు రోజులుగా ఇంతే."

"మోకాలయ్యా."

ఆయన చాపిన కాలు నిమురుకున్నాడు. "నాలుగు నెలలు."

ఆమెకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఫోన్ ఆపి సంచిలో పడేసింది.

"రేపట్నుంచి పరచడం నాకు నేర్పు. మాలు నువ్వు కలుపు, నిలబడి చేసే పనేగా."

"నీ మోకాళ్ళేమన్నా ఇనుపవా?"

"నావి ఇన్నాళ్ళూ నిలబడే ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు వంగుతాయిలే," అంటూ లేచి, తట్టలో మాలు గట్టిపడిపోతోందని నీళ్ళకోసం కిందికి దిగింది.